కేంద్రకం ఎంతకాలం నిలుస్తుంది? అర్ధాయువును కాగితం మీద లెక్కగట్టే పద్ధతి

అర్ధాయువు అంటే ఒక రకం కేంద్రకాల్లో సగం క్షయమై వేరే వాటిగా మారిపోవడానికి పట్టే కాలం. యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు. పొలోనియం-212 అర్ధాయువు 0.3 మైక్రోసెకను. రెండూ బయటికి విసిరేది ఒకటే వస్తువు: రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ఆల్ఫా కణం. ఇంత తేడా ఎందుకని అడిగితే చాలా పుస్తకాలు ఒక పట్టిక చూపించి ఊరుకుంటాయి. ఆ పట్టికలో అంకెలు ఎలా పుడతాయో మీరే లెక్కగట్టి చూడవచ్చు. అందుకు సైంటిఫిక్ కాలిక్యులేటర్, పరమాణు ద్రవ్యరాశుల పట్టిక, ఒక గంట తీరిక చాలు. లెక్క కుదిరిన చోట సంతోషించండి. కుదరని చోట మాత్రం కాగితం చించేయకండి, కేంద్రకం ఆకారం, లోపలి అమరిక బయటపడేది అక్కడే.

ముందు, తలుపు ఏ బలం చేతిలో ఉందో చూడండి

ఏ కేంద్రకం గురించైనా మొదటి ప్రశ్న ఇదే. ఇది అడగకుండా సూత్రంలో అంకెలు వేస్తే వచ్చే జవాబుకు అర్థం ఉండదు.

గామా కిరణం వెలువడటం విద్యుదయస్కాంత బలం పని. అడ్డేమీ లేకపోతే అది సెకనులో లక్షకోట్లో వంతు సమయంలో అయిపోతుంది. బీటా క్షయం, అంటే న్యూట్రాన్ ఎలక్ట్రాన్‌ను వదిలి ప్రోటాన్‌గా మారడం, బలహీన బలం పని. పేరుకు తగ్గట్టే నిదానం. ఒంటరి న్యూట్రాన్‌కు ఏ గోడా అడ్డు లేదు, అయినా సగం న్యూట్రాన్లు ప్రోటాన్లుగా మారడానికి పది నిమిషాలు పడుతుంది. కేంద్రకాల లోకంలో పది నిమిషాలంటే యుగం.

ఆల్ఫా క్షయంలో రెండు బలాలు పోట్లాడుకుంటాయి. బలమైన కేంద్రక బలం కణాన్ని లోపలికి లాగుతుంది, కానీ దాని పట్టు ఒకటి రెండు ఫెర్మీల దూరం వరకే (ఒక ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటరు). ఆ అంచు దాటితే ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ కణాన్ని బయటికి తోసేస్తుంది. ఈ రెండింటి మధ్య ఒక గోడ నిలబడుతుంది. ఆల్ఫాకు ఆ గోడ ఎక్కి దూకే శక్తి లేదు. క్వాంటమ్ నియమాల ప్రకారం గోడలోంచి జారిపోయే అవకాశం మాత్రం కొంచెం ఉంది. దీన్ని టన్నెలింగ్ అంటారు. 1928లో జార్జ్ గామోవ్, విడిగా గర్నీ, కాండన్ ఈ లెక్క కట్టారు. మనం కట్టబోయేదీ అదే. భారీ కేంద్రకం తనంతట తానే రెండుగా చీలే విచ్ఛిత్తి కూడా ఇలాంటి గోడ కథే, కానీ అక్కడ గోడ ఆకారం కేంద్రకం ఆకారాన్ని బట్టే ఉంటుంది. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

ఆల్ఫా లెక్క: యురేనియం-238తో మొదలుపెట్టండి

విడుదలయ్యే శక్తి ముందు కావాలి. తల్లి (క్షయమయ్యే కేంద్రకం) ద్రవ్యరాశి పరమాణు ద్రవ్యరాశి యూనిట్లలో 238.050788. పిల్ల (ఆల్ఫా పోయాక మిగిలేది) థోరియం-234 ద్రవ్యరాశి 234.043601, హీలియం-4 ద్రవ్యరాశి 4.002603. తల్లిలోంచి మిగతా రెండూ తీసేస్తే 0.004584 మిగులుతుంది. దాన్ని శక్తిగా మార్చడానికి 931.494తో గుణిస్తే 4.27 ఎంఈవీ, అంటే 42.7 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. దశాంశ స్థానాలు ఒక్కటి కూడా వదలకండి. ఇక్కడ ఐదో స్థానంలో పొరపాటు చేస్తే అర్ధాయువులోకి వచ్చేసరికి అది ఎంత పెరుగుతుందో కాసేపట్లో చూస్తారు.

తర్వాత గోడ లోపలి అంచు. పిల్ల కేంద్రకం, ఆల్ఫా కణం ఒకదాన్నొకటి తాకే దూరం ఇది. 234కు ఘనమూలం 6.162, 4కు ఘనమూలం 1.587. రెండూ కలిపి 1.2తో (కేంద్రక వ్యాసార్ధపు స్థిరాంకం) గుణిస్తే 9.30 ఫెర్మీలు.

గోడ బయటి అంచు కోసం 2.88ను (ఆల్ఫాకు విద్యుత్ వికర్షణ స్థిరాంకం) పిల్ల కేంద్రకం ప్రోటాన్ల సంఖ్యతో గుణించి విడుదల శక్తితో భాగించండి. 2.88 × 90 ÷ 4.27 = 60.7 ఫెర్మీలు. అంటే ఆల్ఫా కణం తన సొంత సైజు కన్నా ఎన్నో రెట్లు మందమైన గోడలోంచి జారాలి. గోడ 51 ఫెర్మీల మందం, లోపలి అంచు దగ్గర దాని ఎత్తు 28 ఎంఈవీ. కణం చేతిలో ఉన్నది 4.27 మాత్రమే.

ఇప్పుడు లోపలి అంచును బయటి అంచుతో భాగించండి: 0.1532. దీని వర్గమూలం 0.3914. ఆ విలువకు కాస్ విలోమం కట్టండి: 1.1686. దీన్లోంచి √(0.1532 × 0.8468), అంటే 0.3602 తీసేయండి. మిగిలేది 0.8084.

ఇక్కడ ఒక్క జాగ్రత్త: కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉండాలి. నేను మొదటిసారి డిగ్రీల్లో ఉంచి కట్టాను. అర్ధాయువు పది పక్కన మూడు వేల పైచిలుకు సున్నాలతో వచ్చింది. తప్పు ఎక్కడుందో దొరకడానికి సాయంత్రం దాకా పట్టింది.

చివరగా 0.867 × √4.27 × 60.7 × 0.8084 కడితే 87.9. ఈ అంకె e (2.718) మీద ఘాతంలో కూర్చుంటుంది. దీన్ని పది మీద ఘాతంగా మార్చడానికి 2.3026తో భాగిస్తే 38.18 వస్తుంది, అంటే కణం గోడను సగటున 1.5 × 10³⁸ సార్లు గుద్దితే ఒక్కసారి బయటపడుతుంది. సెకనుకు ఎన్నిసార్లు గుద్దుతుంది? దాని వేగం సెకనుకు 1.45 × 10⁷ మీటర్లనుకుంటే, 18.6 ఫెర్మీల వెడల్పును ఒకసారి దాటడానికి 1.3 × 10⁻²¹ సెకను పడుతుంది. రెండూ గుణించి, 0.693తో మళ్లీ గుణించి, సెకన్లను ఏళ్లలోకి మార్చండి. సుమారు 430 కోట్ల ఏళ్లు. కొలిచిన విలువ 447 కోట్లు.

మొదటిసారి చూసినప్పుడు గూస్‌బంప్స్ వస్తాయి, రావాలి కూడా. కానీ నిజం చెప్పాలంటే ఇందులో కొంత అదృష్టం ఉంది. ఆల్ఫా కణం లోపల ఎప్పుడూ తయారుగా ఉంటుందని మనం అనుకున్నాం, అది నిజం కాదు. కేంద్రకం గుండ్రంగా ఉందనుకున్నాం, అదీ నిజం కాదు. మొదటి పొరపాటు అర్ధాయువును తగ్గిస్తుంది, రెండోది పెంచుతుంది. యురేనియంలో ఈ రెండూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

అదే లెక్కను పొలోనియం మీద ప్రయోగించండి

పొలోనియం-212 విడుదల శక్తి 8.954 ఎంఈవీ, పిల్ల సీసం-208, ప్రోటాన్లు 82. అవే మెట్లెక్కితే లోపలి అంచు 9.0 ఫెర్మీలు, బయటి అంచు 26.4 మాత్రమే. ఘాతంలో 87.9కి బదులు 32.3. అర్ధాయువు 0.06 మైక్రోసెకను వస్తుంది, నిజం 0.3. ఐదు రెట్లు తప్పింది. థోరియం-232 అర్ధాయువు 1,405 కోట్ల ఏళ్లు, పొలోనియం-212తో పోలిస్తే సుమారు 10²⁴ రెట్లు. అంత విస్తారంలో ఐదు రెట్ల తప్పు గీత మందమంత కూడా కాదు.

శక్తి కొద్దిగా మారితే అర్ధాయువు ఎంత మారుతుందో చూడటానికి యురేనియం ఐసోటోపులనే తీసుకోండి. యురేనియం-232 విడుదల శక్తి 5.41 ఎంఈవీ, 238 కన్నా 1.14 ఎక్కువ. దాని అర్ధాయువు 68.9 ఏళ్లు. 447 కోట్లతో పోల్చండి: ఆరున్నర కోట్ల రెట్లు.

ఈ శక్తి ఎక్కడినుంచి వస్తుందన్నదీ లోపలి బలాల కథే. పొలోనియం-210లో 126 న్యూట్రాన్లున్నాయి. కేంద్రకంలో న్యూట్రాన్లు పొరలుగా సర్దుకుంటాయి, 126 దగ్గర ఒక పొర సరిగ్గా నిండుతుంది. దాని అర్ధాయువు 138 రోజులు. రెండు న్యూట్రాన్లు ఎక్కువున్న పొలోనియం-212లో ఆ రెండూ పొర బయట వదులుగా ఉంటాయి. ఆల్ఫా వెళ్లిపోతే మిగిలేది ప్రోటాన్ పొర, న్యూట్రాన్ పొర రెండూ నిండిన సీసం-208. అంత బిగువైన కేంద్రకం తయారవుతుంది కాబట్టి విడుదల శక్తి 5.4 నుంచి 9కి ఎగబాకుతుంది, 138 రోజులు కాస్తా మైక్రోసెకనులో మూడో వంతుకు పడిపోతుంది.

ఇప్పుడు ఆకారం చేర్చండి

యురేనియం, థోరియం కేంద్రకాలు బంతులు కావు, కోలగా ఉంటాయి. ఆ కోలతనాన్ని ఒక అంకెతో కొలుస్తారు. గుండ్రటి కేంద్రకానికి అది సున్నా, ఈ ప్రాంతంలో 0.25 దగ్గర ఉంటుంది. మొన దగ్గర వ్యాసార్ధం కావాలంటే ఆ అంకెను 0.63తో, నడుము దగ్గర కావాలంటే 0.32తో గుణించండి. మొదటిది వ్యాసార్ధం పెరిగే వంతు, రెండోది తగ్గే వంతు.

థోరియం-234 సగటు వ్యాసార్ధం 7.4 ఫెర్మీలు. మొన దగ్గర అది 1.2 ఫెర్మీలు పెరుగుతుంది, నడుము దగ్గర 0.6 తగ్గుతుంది. పై లెక్కలో 9.30 స్థానంలో 10.3 పెట్టి మళ్లీ కట్టి చూడండి. ఘాతంలో 4.1 తగ్గుతుంది, అంటే ఒక్క ఫెర్మీకి 60 రెట్ల వేగం. మొన దగ్గర ఆల్ఫాకు గోడ పల్చబడి వంద రెట్లు సులువవుతుంది, నడుము దగ్గర పదమూడు రెట్లు కష్టమవుతుంది. కోల కేంద్రకం నుంచి ఆల్ఫాలు అన్ని దిక్కులకూ సమానంగా రావన్నది ఇందులోంచే తేలుతుంది. అతి శీతలంలో కేంద్రకాలన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి కొలిచిన ప్రయోగాల్లో ఆ అసమానత కనిపించింది కూడా.

మొన విస్తీర్ణం తక్కువ కాబట్టి అన్ని దిక్కులకూ సగటు తీయాలి. తీస్తే మొత్తం మీద ఎనిమిది రెట్ల దరిదాపు వేగం మిగులుతుంది. కోలగా సాగినప్పుడు మొన దగ్గర విద్యుత్ వికర్షణ కూడా కొంచెం పెరుగుతుంది, అది ఈ లాభంలో కొంత తినేస్తుంది. కాబట్టి ఆల్ఫా క్షయంలో ఆకారం చేసే పని కొన్ని రెట్లు మాత్రమే. శక్తి కోట్ల రెట్లు చేస్తుంది. ఈ వరస గుర్తుంటే ఎక్కడ ఎంత శ్రమ పెట్టాలో తెలుస్తుంది.

లెక్క తప్పినప్పుడు ఏం చేయాలి

యురేనియం-234, 235, 236 మూడూ పక్కపక్కన రాయండి. విడుదల శక్తులు వరసగా 4.858, 4.678, 4.573 ఎంఈవీ. 234 అర్ధాయువు 2.455 లక్షల ఏళ్లు, 236ది 2.34 కోట్ల ఏళ్లు. 235 శక్తి ఈ రెండింటి నడుమ ఉంది, కాబట్టి అర్ధాయువూ నడుమే ఉండాలి. అర్ధాయువు లాగరిథమ్‌ను ఒక అక్షం మీద, ఒకటి భాగం శక్తి వర్గమూలాన్ని రెండో అక్షం మీద పెట్టి 234, 236ల మధ్య సరళరేఖ గీయండి. 1911లో గైగర్, నట్టల్ గమనించిన సంబంధం నుంచి వచ్చిన గ్రాఫే ఇది. రేఖ ప్రకారం 235కు సుమారు 42 లక్షల ఏళ్లు రావాలి. నిజానికి దాని అర్ధాయువు 70.4 కోట్ల ఏళ్లు. దాదాపు 170 రెట్లు తేడా.

కొలత తప్పు కాదు. 235లో జత లేని న్యూట్రాన్ ఒకటుంది. ఆల్ఫా వెళ్లిపోయాక పిల్ల కేంద్రకం తన అతి తక్కువ శక్తి స్థాయికి చేరాలంటే ఆ ఒంటరి న్యూట్రాన్ తన కక్ష్య మార్చుకోవాలి, స్పిన్ (కేంద్రకపు కోణీయ ద్రవ్యవేగం) మారాలి, పారిటీ (అద్దంలో తిప్పినట్టు చూస్తే తరంగం గుర్తు మారుతుందా లేదా అన్నది) మారాలి. అంత సర్దుబాటు కన్నా ఎక్కువసార్లు అది న్యూట్రాన్ కదలనక్కర్లేని పై స్థాయికి దిగుతుంది. అక్కడికి దిగితే చేతికొచ్చే శక్తి తగ్గుతుంది. తక్కువ శక్తి అంటే మందమైన గోడ. బేసి కేంద్రకం కనిపిస్తే తల్లి, పిల్ల స్పిన్‌లు రెండూ ముందే రాసి పెట్టుకోండి. స్పిన్ తేడా ఎంత పెద్దదైతే మీ లెక్క అంత తక్కువ అర్ధాయువు చూపిస్తుంది.

బీటాకు వేరే దారి

బీటాలో గోడ దాటే పని లేదు కాబట్టి టన్నెలింగ్ సూత్రం పక్కన పెట్టండి. 1933లో సార్జెంట్ గుర్తించిన నియమం ఇక్కడ తొలి అంచనా ఇస్తుంది: క్షయ వేగం దాదాపు విడుదల శక్తి ఐదో ఘాతం ప్రకారం పెరుగుతుంది. శక్తి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి సమానమైన 0.511 ఎంఈవీ కన్నా బాగా ఎక్కువ ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. చిన్న శక్తుల దగ్గర ఘాతం 3.5 వైపు దిగుతుంది. న్యూట్రాన్ శక్తి 782 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ట్రిటియం (హైడ్రోజన్-3) శక్తి 18.6. 42 రెట్ల తేడా. దాన్ని 3.5 ఘాతానికి పెంచితే సుమారు ఐదు లక్షలు. పది నిమిషాల న్యూట్రాన్‌కు, 12.3 ఏళ్ల ట్రిటియానికి నిజంగా ఉన్న తేడా ఆరు లక్షల పైన. రఫ్ లెక్కకు ఇది మంచి ఫలితమే.

తర్వాత స్పిన్‌లు చూడండి. తేడా సున్నా లేదా ఒకటి అయి, పారిటీ మారకపోతే దారి తెరిచినట్టే. పొటాషియం-40 స్పిన్ 4, పిల్ల కాల్షియం-40 స్పిన్ 0, పారిటీ కూడా మారాలి. అందుకే 1.31 ఎంఈవీ చేతిలో ఉన్నా 125 కోట్ల ఏళ్లు ఆగుతుంది. ఇండియం-115కు స్పిన్ తేడా 4, శక్తి 0.5 ఎంఈవీ. దాని అర్ధాయువు 4.4 కోట్ల కోట్ల ఏళ్లు.

స్పిన్‌లు సరిపోయినా లెక్క తప్పే చోటు ఒకటుంది, నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. గంధకం-35 శక్తి 167 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అర్ధాయువు 87 రోజులు. కార్బన్-14 శక్తి 156. రెండిట్లోనూ స్పిన్ దారి తెరిచే ఉంది. అంటే కార్బన్-14 కూడా నెలల్లో తేలిపోవాలి. కానీ 5,700 ఏళ్లు పడుతోంది, గంధకానికి సుమారు 24 వేల రెట్లు. తల్లి కేంద్రకంలో న్యూట్రాన్ అమరిక, పిల్లలో ప్రోటాన్ అమరిక ఒకదానిమీద ఒకటి ఎంత సరిపోతాయన్నదాన్ని బట్టి బీటా వేగం ఉంటుంది. కార్బన్-14లో ఆ సరిపోలికలోని భాగాలు కొన్ని ధనం, కొన్ని ఋణం అయి దాదాపు పూర్తిగా రద్దయిపోతాయి. ఎందుకలా రద్దవుతాయన్నది చాలాకాలం తేలలేదు. 2011లో వచ్చిన సూపర్‌కంప్యూటర్ లెక్కలు ఒక జవాబు చూపాయి: రెండేసి కణాల మధ్య బలాలే కాక, మూడు కణాలు కలిసినప్పుడే పుట్టే అదనపు బలాన్ని చేర్చితే ఈ రద్దు వస్తుంది. పురావస్తు శాస్త్రం వాడుకునే గడియారం ఆ రద్దు పుణ్యమే.

ఆకారమే అంతా నిర్ణయించే చోట్లు

ఆల్ఫాలో ఆకారం కొన్ని రెట్లే అన్నాను. విచ్ఛిత్తిలో ఆ మాట చెల్లదు. ప్లుటోనియం-240 మామూలు స్థితిలో తనంతట తాను రెండుగా చీలే అర్ధాయువు సుమారు 11,000 కోట్ల ఏళ్లు (ఆల్ఫా ద్వారా అది అంతకు ఎంతో ముందే పోతుంది, అది వేరే లెక్క). అదే కేంద్రకం నడుము కన్నా రెండింతలు పొడవుగా సాగిన స్థితిలో చిక్కుకుంటే నాలుగు నానోసెకన్ల దరిదాపులో చీలిపోతుంది. 10²⁷ రెట్ల తేడా. ప్రోటాన్లు అవే, న్యూట్రాన్లు అవే, మారింది ఆకారం. గోడకు రెండు మూపురాలుంటాయి, వాటి నడుమ లోయలో ఆగిన కేంద్రకం రెండో మూపురం ఒక్కటే దాటితే చాలు. ఇలాంటి స్థితి మొదట 1962లో రష్యాలోని దుబ్నాలో అమెరీషియం-242లో దొరికింది. అక్కడ అర్ధాయువు 14 మిల్లీసెకన్లు. మూపురాల వివరణ 1967లో స్ట్రుటిన్‌స్కీ ఇచ్చాడు. మీరు లెక్క కట్టేటప్పుడు తల్లి ఏ స్థితిలో ఉందో పట్టికలో చూడండి. పేరు పక్కన చిన్న గుర్తు ఒకటి ఉంటుంది, దాన్ని వదిలేస్తే అర్ధాయువు పూర్తిగా మారిపోతుంది.

ఫెర్మియం-256కు అర్ధాయువు 2.6 గంటలు, రెండే న్యూట్రాన్లు కలిసిన ఫెర్మియం-258కి 0.37 మిల్లీసెకను. 258 రెండు సమానమైన ముక్కలుగా చీలగలదు. ఆ ముక్కలు రెండు పొరలూ నిండిన టిన్-132కు దగ్గరగా, గుండ్రంగా, బిగువుగా ఉంటాయి. చీలాక వచ్చే ఆకారం కూడా వేగాన్ని నిర్ణయిస్తుందన్నమాట.

గామా విషయంలో హాఫ్నియం-178 చూడండి. దాని ఒక ఉత్తేజిత స్థితి అర్ధాయువు 31 ఏళ్లు, విద్యుదయస్కాంత బలానికి ఇది నమ్మలేనంత నిదానం. ఆ స్థితి స్పిన్ 16, అదంతా కోల కేంద్రకపు పొడవు అక్షం వెంటే ఉంది. సరిగ్గా కింద స్పిన్ 13 స్థితి ఒకటుంది, కానీ దాని స్పిన్‌లో పొడవు అక్షం వెంట ఉన్నది 8 మాత్రమే. మధ్య శక్తి తేడా 13 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లోపే. ఫోటాన్ ఒక్క విడతలో 3 తీసుకెళ్తుంది, అక్షం వెంట మాత్రం 8 మారాలి. కేంద్రకం గుండ్రంగా ఉంటే పొడవు అక్షమే ఉండదు, ఈ చిక్కూ ఉండదు.

చివరగా, చుట్టూ ఎలక్ట్రాన్లున్నాయో లేదో చూడండి

వేడి చేసినా, ఒత్తిడి పెట్టినా ఆల్ఫా అర్ధాయువు చెప్పుకోదగ్గంత మారదు. ఎలక్ట్రాన్‌ను మింగి క్షయమయ్యే బెరీలియం-7 మాత్రం తన 53 రోజుల అర్ధాయువును చుట్టూ ఉన్న పదార్థాన్ని బట్టి ఒక శాతం అటూ ఇటూ మార్చుకుంటుంది. పూర్తిగా ఎలక్ట్రాన్లన్నీ ఒలిచేస్తే కథే వేరు. రీనియం-187 మామూలుగా 4,200 కోట్ల ఏళ్ల దరిదాపు నిలుస్తుంది. 1996లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఒక్క ఎలక్ట్రాన్ కూడా లేని రీనియం కేంద్రకాలను వలయంలో తిప్పి కొలిస్తే 33 ఏళ్లు వచ్చింది. బీటా ఎలక్ట్రాన్‌కు బయటికి పారిపోవాల్సిన పని లేకుండా లోపలి ఖాళీ కక్ష్యలోనే చోటు దొరకడం దీనికి కారణం. డిస్ప్రోసియం-163 తటస్థంగా ఉన్నప్పుడు అసలు క్షయమే కాదు, 1992లో అక్కడే దాన్ని ఒలిచి చూస్తే 47 రోజుల్లో సగమైపోయింది. కాబట్టి పట్టికలోని అంకె తటస్థ పరమాణువుదని గుర్తుపెట్టుకుని, నక్షత్రం లోపలి కేంద్రకాల లెక్క చేస్తుంటే ఈ మెట్టును మొదటికే తెచ్చుకోండి.